మొదటింటి మీటరు, చివరింటి బండి

ఇంటికి బండి చార్జర్ పెట్టించుకోవాలంటే ఎంతవుతుందని ఈ మధ్య కుర్రవాళ్లు నన్ను తెగ అడుగుతున్నారు. పని మానేసిన వైర్‌మన్‌ను అడిగితే సలహాకు బిల్లు రాదు కదా, అందుకని. నేను డబ్బు మాట ఎత్తను. "మీటరు ఎక్కడుంది? బండి ఎక్కడ ఆపుతారు?" అని ఎదురు అడుగుతాను. ముసలాయనకు చెవుడు కాబోలనుకుని, వాళ్లు అదే ప్రశ్న ఇంకాస్త గట్టిగా అడుగుతారు. మగ్గాల మధ్య ఇన్నేళ్లు బతికిన చెవులు పూర్తిగా బాగున్నాయని ఒట్టు వేయలేను గాని, ఆ ప్రశ్న మాత్రం నాకు బాగానే వినబడుతుంది.

నా జవాబు అదే. చార్జర్ చవక. మీటరుకూ బండికీ మధ్య ఉండే దూరమే ప్రియం. ఆ దూరం ఎందుకు ఏర్పడుతుందో నాకు తెలిసింది కరోనా రెండో ఏట, సూరత్‌లో, బమ్రోలిలోని మా తెలుగువాళ్ల గల్లీలో.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నేను సిరిసిల్ల వైపు నుంచి మగ్గం నడపడానికి సూరత్ వచ్చినవాణ్ణి. నా చేతిలో దారం ఎన్నిసార్లు తెగిందంటే, మాస్టరు చివరికి నాకు దండం పెట్టి మోటార్ల దగ్గరికి పంపించాడు. అక్కడ ఫ్యూజులు తెగేవి. తెగేవాటితోనే నా బతుకు ముడిపడింది. చాలాకాలం ఒక ఖాతాలో కరెంటు పని చేశాను. ఖాతా అంటే బ్యాంకుది కాదు, సూరత్‌లో మగ్గాల షెడ్డును అలా అంటారు. బ్యాంకు ఖాతా నాకు తర్వాత ఎప్పుడో వచ్చింది, అందులో పెద్దగా చప్పుడేమీ ఉండేది కాదు. కరోనాతో ఖాతాలన్నీ మూతపడ్డాక ఇళ్ల వైరింగు పనులు పట్టుకుని తిరిగాను.

అప్పుడే ఆ గల్లీ చివరింటి అతను ఫోన్ చేశాడు. అతను మగ్గాల మాస్టరు. పని పోయింది. సేఠ్ లెక్క తేల్చి ఇచ్చిన డబ్బుతో బ్యాటరీ ఆటో కొన్నాడు. రెండో అల ఉధృతంగా ఉన్న రోజులవి. ఎక్కడానికి జనం లేరు, దవాఖానకు పోయేవాళ్లు తప్ప. అతను వాళ్లనే ఎక్కించుకునేవాడు. అందరూ భయపడే సవారీ అతనికి తిండి పెట్టింది.

చార్జింగే కష్టమైంది. పాండేసరా అవతల ఒక చోట బండిని వరసలో పెట్టి, సగం రోజు అక్కడే కూర్చునేవాడు. మిగిలిన సగం రోజులో తిరిగితే ఇల్లు గడవడం లేదు.

"మామా, చార్జర్ బండితోని ఫుకట్‌ల వచ్చింది. గోడకు ఒక సాకెట్ పెట్టుడే గదా! గంటల అయిపోదా?" అన్నాడు ఉత్సాహంగా.

"చార్జర్ ఫుకటే రా. దాన్ని నడిపిచ్చుడే ఫుకట్ కాదు," అన్నాను.

మనలో చాలామంది చేసే పొరపాటే అది. ఫోను చార్జరులాగా ఇదీ గోడకు తగిలిస్తే చాలనుకుంటాం. ఆటో గంటల తరబడి గట్టిగా లాగుతుంది. దానికి మీటరు నుంచి వేరే లావు తీగ కావాలి, దాని సొంత బ్రేకరు కావాలి, కరెంటు కారితే వెంటనే ఆపేసే పరికరం కావాలి, వానకు తడవని పెట్టెలో సాకెట్ కావాలి, నేలలో గుంత తవ్వి ఎర్తింగ్ చేయాలి. చార్జర్ ధర సున్నా అని అతను మురిసిపోయాడు. ఆ సున్నాకు ముందు నేను ఏ అంకె పెడతానో అతను ఊహించలేదు.

ఆ అంకెలో సగానికి పైగా ఒక్క తీగదే. కారణం ఏమంటే, ఆ గల్లీ ఇళ్లన్నీ ఒకే మనిషి కట్టి అమ్మినవి. మీటర్లన్నీ మొదటింటి గోడకే వరసగా ఉన్నాయి. అక్కడి నుంచి చివరింటికి పాత తీగ ఒకటి కప్పుల మీదుగా పోతోంది. అది ఫ్యానుకు, టీవీకి సరిపోతుంది, బండికి సరిపోదు. పైగా రాగి ధర ఆ ఏడు ఎట్లా ఎక్కిందంటే, నాకు రాగిజావ తాగాలన్నా భయమేసేది.

వాళ్లింటికి వెళ్లి అంతా చూశాక, "బండిని మీటరు కాడ్నే ఆపితె?" అన్నాను.

చివరింటి మొగుడూ పెళ్లామూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అది పెద్దమ్మ ఓట్లా ముందట," అంది ఆమె మెల్లగా.

ఓట్లా అంటే ఇంటి ముందు అరుగు. ఇక్కడి మాట. మొదటింటి పెద్దమ్మ ఓట్లా మీద ఎప్పుడూ ఏకగ్రీవమే, ఇంకొకరి ఓటు చెల్లదు. అయినా వెళ్లి అడిగాను. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నన్ను దూరంగా నిలబెట్టి విన్నది.

"బండి కొనుక్కున్నరు, సంతోషం. నా ఓట్లా ముందట మాత్రం వద్దు. దవాఖానకు పోయొచ్చే బండి అది. మా ముసలాయన ఊపిరితిత్తులల్ల సగం మగ్గాల దూదే ఉన్నది. ఉన్న సగమన్న ఉండనీయుండ్రి."

"బండికి కరోనా రాదు పెద్దమ్మా. ఆయన రోజూ కడుగుతుండు."

"నీకు కరెంటు కనబడుతదా?"

"కనబడది."

"మరి కనబడకుంటనే షాక్ కొడ్తలేదా? గిదీ గంతే."

నా వృత్తి తీసుకుని నన్నే కొట్టింది. తిరిగి వచ్చాను. ఆమెను తప్పు పట్టలేను కూడా. ఆ ముసలాయన దగ్గు గల్లీ మొత్తానికి వినబడేది.

అసలు ఆ రెండిళ్లకూ పడకపోవడం ఏమీ లేదు. చివరింటామెకు వైపని నేర్పింది ఈ పెద్దమ్మే. వైపని అంటే మగ్గం మీద పాత బీము, అంటే పడుగు పోగులు చుట్టిన దుంగ, అయిపోయినప్పుడు, దాని పోగుల కొసలకు కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా అతికే పని. వేల పోగులు. ఒక్కటి తప్పినా బట్టలో గీత పడుతుంది. మగవాళ్లే చేసే ఆ పనిని పెద్దమ్మ తన మొగుడి పక్కన కూర్చుని నేర్చింది, ఈమెకు నేర్పింది. ఇద్దరూ ఖాతాలో ఎదురెదురుగా కూర్చుని అతుకుతూ పొద్దంతా మాట్లాడుకునేవారు. మోటారు బాగు చేయడానికి పోయిన నేను ఆ మాటలు వినడానికే ఒక స్క్రూ ఎక్కువ బిగించేవాణ్ణి. బండి వచ్చిన నాటి నుంచి ఆ మాటలు బంద్ అయ్యాయి. ఫోను ఎత్తితే దో గజ్ దూరీ, రెండు గజాల దూరం, పాటించమని చెప్పేవారు గదా, పెద్దమ్మ దాన్ని గల్లీ పొడుగునా పాటించింది. ఆ దూరమంతా రాగి తీగై నా లెక్కలో పడింది.

"గంత మా తోని కాదన్నా," అంది చివరింటామె. "ఇంటికాడ చార్జి కాకపోతె బండి అమ్ముకుని ఊరికి పోవుడే. ఊళ్లె మాకు మగ్గం లేదు, భూమి లేదు. బిడ్డ ఈడ గుజరాతీల చదువుతున్నది. ఆడికి పోతె మళ్ల అ ఆల కాడ కూసోవాలె."

ఇలాంటప్పుడు హాస్యమాడడం నాకున్న జబ్బు. "వేల పోగులు అతికే చెయ్యి ఇంట్ల వెట్టుకుని తీగకు భయపడ్తరేంది!" అని నవ్వి, సంచి తీసుకుని వచ్చేశాను. నా మాటలు సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో అయితే బొత్తిగా పట్టించుకోరు. నా జీవితంలో ఎవరైనా అక్షరాలా పాటించిన మాట ఆ ఒక్కటే.

కొన్నాళ్లకు మళ్లీ ఫోన్. "మామా, తీగ తయారైంది. నువ్వొచ్చి మీటరు కాడ కలుపు, అంతే."

వెళ్లి చూసి నోరు తెరిచాను. మాస్కు ఉంది గనుక ఎవరికీ కనబడలేదు. మొదటింటి నుంచి చివరింటి దాకా గోడ వెంబడి తీగ. కూలరు తీగ, నీళ్ల మోటారు తీగ, వినాయకుడి పందిరి తీగ, ఊరికి పోతూ పోతూ ఎవరో వదిలిపోయిన నల్ల తీగ. గల్లీ వాళ్లందరూ తలా ఒక ముక్క ఇచ్చారు. ఆ ముక్కలన్నిటినీ ఆమె అతికింది.

అతికిందంటే, మనలాగా రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టడం కాదు. పైతొడుగు వలిచి, లోపలి సన్నని రాగి పోగులను విసనకర్రలా విప్పి, ఈ పక్క ఒక పోగుకు ఆ పక్క ఒక పోగును జత చేసి, వేళ్లకు బూడిద రాసుకుని ఒక్కొక్కదానికీ పురి పెట్టి, అన్నిటినీ పడుకోబెట్టి, మీద నూలు చుట్టి, ఆ పైన టేపు వేసింది. బొడిపె లేదు. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమితే అతుకు ఎక్కడుందో దొరకలేదు నాకు.

"ఎట్లున్నదన్నా?"

"అమ్మా, నా ఉద్యోగం మొత్తంల ఇసొంటి అతుకు చూడలే. నేను చెయ్యలే, చేసినోన్ని ఎరగ. దీన్ని తీసుకపోయి వైర్‌మన్ల పరీక్షల పెడితె సగం మందిమి ఫెయిలైతం..."

"కాని?" అంది ఆమె.

"ఏం కాని?"

"పొగడ్త గంత పొడుగున్నదంటె ఎనుక కాని ఉంటదన్నా."

ఉంది. ఊరికే కాదంటే ఆమె మనసు ఒప్పుకోదు, నిజానికి నా మనసూ ఒప్పుకోలేదు. అందుకని నేను పక్కన నిలబడి, చెయ్యి బ్రేకరు మీదే ఉంచి, బండిని తగిలించమన్నాను. చార్జింగు మొదలైంది. అతను పండగ చూసినట్టు చూశాడు. కాసేపటికి మొదటి టేపు మెత్తబడింది. ఇంకాసేపటికి వాసన వచ్చింది, నూలు వెచ్చబడిన వాసన. ఆ వాసన ఖాతాలో పనిచేసిన ముగ్గురికీ తెలుసు. నేను ఆపేశాను.

ఫ్యానుకైతే ఆ అతుకు ఎన్నాళ్లయినా నిలిచేది. బండి లాగే లాగుడుకు, అన్ని అతుకులూ, లావొకటి సన్నమొకటిగా ఉన్న ఆ ముక్కలూ తట్టుకోలేవు. ఆమె అతుకు మీద వేలు పెట్టి చురుక్కుమని తీసుకుంది.

"దారం తెగితె బట్ట కరాబైతది," అంది. "ఇది తెగితె?"

"ఇల్లు."

ఆమె లోపలికి పోయి పోగులు కత్తిరించే తన చిన్న కత్తెర తెచ్చింది. దానితో తెగదని నా కటింగ్ ప్లేయరు ఇచ్చాను. ఒక అతుకుకు అటూ ఇటూ తనే కోసి, ఆ ముక్క నా చేతిలో పెట్టింది. అతను బండి మెట్టు మీద కూలబడి, "ఇగ సామాను కట్టుడే," అన్నాడు. ఆమె గోడ వెంబడి తీగను చుట్టుకుంటూ, ఎవరి ముక్క ఎవరిదో వేరు చేయడం మొదలుపెట్టింది.

లావు తీగ కొనాలంటే దుకాణాలు సగం షట్టరు ఎత్తి అమ్ముతున్న రోజులు. దొరికినా కొనే స్థితి వాళ్లకు లేదు. నేను మీటరు పెట్టె మూసేద్దామని గల్లీ మొదటికి నడిచాను. ఓట్లా మీద పెద్దమ్మ ఉంది.

"చేతుల ఏంది?"

"అతుకు."

"కింద పెట్టి ఎనుకకు జరుగు."

పెట్టాను. జరిగాను. ఆమె దిగివచ్చి, ముక్క మీద శానిటైజరు చల్లి, ఎండకు పట్టుకుంది. టేపు విప్పింది. నూలు విప్పింది. రాగి పోగులను గోటితో ఒక్కొక్కటే లేపి చూసింది. చూస్తున్నంతసేపూ కొంగు ముక్కు మీద నుంచి జారిపోయిన సంగతి ఆమెకు తెలియలేదు.

"కోసిందెవరు?"

"ఆమెనే."

"నువ్వు కొయ్యమన్నవు."

"పనికిరాదన్న."

"ఎందుకు పనికిరాదు? దీంట్ల తప్పు చూపి. ఒక్క పోగు ఇడిసిపెట్టిందా? ఒక్కటి జారిందా?" నేనే ఆమె శిష్యురాలిని పరీక్ష తప్పించానన్నంత కోపం. "కరెంటాయనట! నీ చేతుల దారం నిలువకనే గదా నిన్ను మోటార్ల కాడికి తోలిండ్రు!"

ఆ సంగతి సూరత్‌లో ఎవరికీ గుర్తులేదనుకున్నాను ఇన్నాళ్లూ.

"పనిల తప్పు లేదు పెద్దమ్మా," అన్నాను. "పొడుగుల ఉన్నది. ఈడి నుంచి ఆడిదాక పోవాలె గదా, అది దాని పాపం. బండి ఈడ ఆగితె నా చెయ్యంత తీగ చాలు. దానికి అసలు అతుకే ఉండది."

పెద్దమ్మ నన్ను చూసింది. ముక్కను చూసింది. తర్వాత గల్లీ చివర దిక్కుకు తిరిగి, కొన్ని వారాల మౌనాన్ని ఒక్క కేకతో ముగించింది.

"ఓ పోరీ! నూలు మీద మళ్ల టేపెందుకేసినవే? నీ అతుకు మీద నీకే నమ్మకం లేదా?"

గల్లీ చివర నుంచి వెంటనే జవాబు వచ్చింది. "కరెంటు పెద్దమ్మా! ముట్టుకుంటె సస్తరు!"

"ముట్టుకోనీకె ఎవరొస్తుండ్రే నీ ఇంటికి?"

"నువ్వే గదా ఎవ్వల్ని రానియ్యంది!"

"నేను బండిని రావద్దన్న! నిన్నన్ననా?"

"మరి నేనెవరి బండ్ల తిరుగుతున్న?"

కిటికీలు తెరుచుకున్నాయి. అన్ని రోజుల లాక్‌డౌన్‌లో ఆ గల్లీకి దొరికిన మొదటి వినోదం అది. ఇంట్లోంచి ముసలాయన దగ్గుతూ అన్నాడు: "పిలువరాదూ ఇగ. పొద్దున్నుంచి పది మాట్లు ఆ దిక్కే తొంగి చూస్తివి. నా పేరు చెప్పి నువ్వెందుకు ఎగిరిపడుతవు? నేను కిటికీ మూసుకుంట."

"నువ్వు ఊకో!" అని లోపలికి గద్దించి, పెద్దమ్మ నా వైపు తిరిగింది. షరతులు మొదలయ్యాయి. బండి బయట కడిగి బ్లీచింగు వాసన వచ్చాకే గల్లీలోకి రావాలి. మూతి రోడ్డు దిక్కే ఉండాలి. సీటు తన కిటికీ దిక్కు ఉండకూడదు. డ్రైవరు తన ఓట్లా మీద కూర్చోకూడదు, గుట్కా ఉమ్మకూడదు, హారన్ కొట్టకూడదు. తన గోడ పట్టుకుంటే షాక్ రాకూడదు. చివరిది ఒక్కటే నా పరిధిలోది.

మర్నాడే పని మొదలుపెట్టాను. ఎర్తింగుకు ఓట్లా పక్కన గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ వరసలు వేస్తుంటే పెద్దమ్మ కిటికీలోంచి చూసింది.

"ఏంది, మామిడికాయ తొక్కు పెడ్తున్నవా?"

"ఇది ఉంటేనే నీ గోడకు షాక్ రాదు పెద్దమ్మా. అప్పుడప్పుడు నీళ్లు పొయ్యాలె."

"ఎప్పుడెప్పుడు?"

"ఎండిపోకుంట చూసుకో, చాలు."

ఆనాటి నుంచి ఆమె తులసి చెట్టుకు పోసిన చెంబులో మిగిలిన నీళ్లు రోజూ ఆ గుంతకు పోసేది. నా సర్వీసులో అంత భక్తితో చూసుకున్న ఎర్తింగు ఇంకొకటి లేదు.

మీటరు కింద బ్రేకరు, దాని పక్కన కరెంటు కారితే ఆపే పరికరం, పెట్టెలో సాకెట్. తీగ నిజంగా నా చెయ్యంతే. ఖర్చు నేను మొదట చెప్పినదాంట్లో సగానికి కింద తేలింది. నా కూలీ కూడా దానితోపాటే తగ్గింది. ఆ రోజు ఆ గల్లీలో అందరూ సంతోషంగా ఉన్నారు. మా ఇంట్లో ఒకామె తప్ప.

ఇప్పుడు వైరింగు నేర్చుకుంటున్న పిల్లలు గోడకు లేజరు చూపించి దూరం చిటికెలో కొలిచేస్తున్నారు. మంచిదే, నాకు టేపు పట్టుకోవడానికే ఇంకో మనిషి కావలసి వచ్చేది. కొలిచాక మాత్రం, ఆ దూరాన్ని కాస్త తగ్గించమని అడగదగిన మనిషి ఎవరైనా ఉన్నారేమో అటూ ఇటూ చూడండి. అడిగితే మీ బిల్లు చిన్నదవుతుంది, ముందే చెబుతున్నాను. ఇంటికి పోయి ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం.

కేసులు తగ్గి, ఖాతాల్లో సగం మగ్గాలు మళ్లీ తిరగడం మొదలైన తర్వాత, ఒక మధ్యాహ్నం ఆ ఎర్తింగు ఎట్లా ఉందో చూడడానికి వెళ్లాను. బండి పెద్దమ్మ ఓట్లా ముందు చార్జింగులో ఉంది. వెనక సీట్లో కాళ్లు చాపుకుని పెద్దమ్మ కూర్చుంది. ముందు, డ్రైవరు సీటులో వెనక్కి తిరిగి చివరింటామె కూర్చుంది. సవారీల కోసం అప్పట్లో ఆటోలన్నిటికీ కట్టినట్టే, మధ్యలో ప్లాస్టిక్ తెర. ఆ తెరకు అటొకరు, ఇటొకరు. ఏ ఖాతా తెరిచింది, ఏ సేఠ్ వైపనికి ఎంత ఇస్తున్నాడు, ఎవరి కోడలు ఊరి నుంచి తిరిగొచ్చింది, ఎవరి కోడలు రానంటోంది. ఇద్దరి నడుమ బీము లేదు గాని, చేతులు మాత్రం ఊరికే ఉండలేక గాలిలోనే పురి పెడుతున్నాయి.

చివరింటామె మొగుడు బయట అటూ ఇటూ తిరుగుతూ చెప్పులు అరగదీస్తున్నాడు.

"పెద్దమ్మా, జర దిగుతవా? స్టేషన్ సవారీ ఉన్నది."

"చార్జి కానీ."

"అయింది పెద్దమ్మా. అగో, పచ్చ లైటు వచ్చింది."

"నీకేం ఎరుక? కరెంటాయన వచ్చిండు గదా, ఆయన చెప్పనీ."

ముగ్గురూ నన్ను చూశారు. తెర వెనక నుంచి చివరింటామె కూడా. లైటు పచ్చగా, ఏ అనుమానానికీ తావు లేకుండా వెలుగుతోంది.

నేను జేబులోంచి కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నాను. చార్జర్ దగ్గర వంగాను. డాక్టరులాగా కాసేపు చూశాను.

"ఇంక నిండలే," అన్నాను. "చాయ్ తాగేంత సేపు పడుతది."

అతను నన్నొకసారి చూశాడు, లైటునొకసారి చూశాడు. తర్వాత సవారీకి ఫోన్ చేసి జర లేటయితదని చెప్పి, చాయ్ పెట్టడానికి ఇంటి వైపు నడిచాడు.